కండక్టరమ్మ లిల్లీ

మా వదిన గురించి నేను నాలుగు మంచిమాటలు రాస్తానని మా ఇంట్లో ఎవరూ కలలో కూడా అనుకుని ఉండరు. నాకు ముక్కు మీద కోపం. ఆవిడది తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. ఇద్దరం ఒకే వంటింట్లో పదహారేళ్ళు నెగ్గుకొచ్చామంటే ఆ ఘనత మా ఇద్దరిదీ కాదు, ఇంట్లో ఉండి కూడా లేనట్టు మసలడం నేర్చుకున్న మా ఆయనది. ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్. రెండు అంతస్తుల మధ్య ఇరుక్కుపోవడం ఆయనకి అలవాటే.

వదిన మా ఆయనకి సొంత అక్క. పేటలో అందరికీ కండక్టరమ్మ. పద్నాలుగో నంబరు బస్సులో ఇరవై ఏడేళ్ళుగా టికెట్లు కొడుతోంది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగినవాళ్ళతో, అడిగే తీరిక మీకున్నా చెప్పే తీరిక నాకు లేదనేది. బస్సులో కాలు పెట్టే సందు లేకపోయినా సరే, ఎవరు ఎక్కడ ఎక్కారో, ఎక్కడ దిగాలో ఆవిడ బుర్రలో ఉంటుంది. టికెట్ లేకుండా తన బస్సులోంచి ఒక్క మనిషి దిగిపోలేదని ఆవిడ గర్వం. ఒకసారి పాస్ మరిచిపోయి ఎక్కాడని సొంత తమ్ముడినే నడిదారిలో దింపేసింది. ఆయన వానలో తడుస్తూ ఇంటికొచ్చాడు. అదేమిటని నేను ఇంతెత్తున లేస్తే, అక్క డ్యూటీలో ఉంది కదా అన్నాడు.

మా ఇల్లు రెండు గదులు, ఒక వంటిల్లు, వెనక చిన్న పెరడు. పెరడనగానే ఏదేదో ఊహించుకోకండి. గట్టిగా ఎనిమిది అంగలేస్తే గోడ తగులుతుంది. ఆ ఎనిమిది అంగల్లో నీళ్ళ తొట్టి, బట్టలుతికే బండ, నా బట్టల తీగ, మిగిలిన చోటంతా వదినగారి బకెట్లు. చెవులు విరిగినవీ, అడుగు చిల్లిపడ్డవీ, పెయింటు డబ్బాలూ, అన్నిట్లోనూ లిల్లీలే. సన్నగా కంకిలా పూసే లిల్లీ కాదు. దుంప నుంచి నిలువుగా కాడ లేచి, దాని కొసన అరచేయంత పువ్వు విప్పారుతుందే, ఆ లిల్లీ.

పువ్వు మంచిదే, కాదనను. దాని పుప్పొడితోనే నాకు పేచీ. నేను ఆసుపత్రిలో నర్సుని. రోజూ తెల్ల కోటు ఉతకాలి, ఆరేయాలి. ఆ పువ్వు మధ్యలో ఆరు కేసరాలు, ఒక్కోదాని కొసన తుప్పురంగు పొడి. గాలికి తీగ ఊగి కోటు ఆ పువ్వుకి తగిలిందా, అయిపోయిందే. నీళ్ళు పడితే ఆ మరక ఇంకా లోపలికి దిగుతుంది, చచ్చినా వదలదు. వదినతో మొత్తుకుంటే, తుడుచుకుంటే పోతుందిలే అనేది. ఖాకీ వేసుకునే మనిషికి తెల్లబట్ట బాధ ఏం తెలుస్తుంది?

అసలీ లిల్లీల పిచ్చి ఎక్కడ ముదిరిందో చెప్పాలి. నేను కాపురానికొచ్చిన మూడో ఏడు. మా ఊళ్ళో పూలతోటల సంఘమని ఒకటుంది. ఏటా లైబ్రరీ హాల్లో ప్రదర్శన పెడతారు. అన్ని బల్లల్లోకీ గొప్ప బల్ల ఒకటుంది, దాని మీద కొత్త హైబ్రిడ్లు పెడతారు. అంటే ఒక మొక్క పుప్పొడి ఇంకో మొక్క పువ్వుకి పట్టించి, కాయ కాయించి, గింజ నాటి, అంతకుముందు లోకంలో లేని పువ్వుని తీసుకొచ్చినవాళ్ళ బల్ల. ఆ బల్ల మీద ప్రతి కుండీ ముందూ ఒక అట్ట ఉంటుంది. దాని మీద 'చేసినవారు' అని రాసి, ఎదురుగా మనిషి పేరు ఉంటుంది.

వదిన పెరట్లో దానంతటదే మొలిచిన ఒక లిల్లీ ఆ ఏడు కొత్త రంగులో పూసింది. ఆవిడ సంబరపడిపోయి, కుండీని ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళి ఆ బల్ల మీద పెట్టింది. సంఘానికి సెక్రటరీగారు ఒకాయన ఉన్నారు. కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. ఆయన వచ్చి, కుండీ అంచుని రెండు వేళ్ళతో పట్టుకుని, తీసుకెళ్ళి మామూలు కుండీల బల్ల మీద పెట్టారు. పెట్టి ఊరుకున్నారా? హాలంతా వినేలా ఒక పాఠం కూడా చెప్పారు.

"నీళ్ళు పోసి పెంచడం వేరమ్మా, కొత్త పువ్వుని పుట్టించడం వేరు. ఇది టికెట్లు కొట్టినంత తేలిక కాదు."

పక్కన నలుగురు నవ్వారు. వదిన కుండీ వంకే చూస్తూ నిలబడింది. ఆ పక్కన ఉన్న నాకే ఒళ్ళు మండిపోయింది. నాకూ ఆవిడకూ లక్ష ఉండొచ్చు, అవి మా వంటింట్లో విషయాలు. బయటివాడెవడో మా మనిషిని నలుగురిలో చులకన చేస్తే ఊరుకుంటానా? నోరు తెరవబోయాను. వదిన నా మోచెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చింది. బస్టాపులో నిలబడి, "ఆ బల్ల మీద నా పేరుండాలి" అంది. నాతో కాదు, తనలో తను అనుకున్నట్టు అంది. ఆ మాట ఇక మా ఇంట్లో ఎవరమూ మర్చిపోయే వీలు లేకపోయింది, ఎందుకంటే ఆ రోజు నుంచి మా పెరడు మాది కాకుండా పోయింది.

అదేమన్నా ఒకరోజులో వచ్చే విద్యా? లైబ్రరీలో పుస్తకాలు తెచ్చి, పక్కన డిక్షనరీ పెట్టుకుని కూర్చునేది. మొగ్గ విచ్చకముందే దాని కేసరాలు కనుబొమలు తీసుకునే చిన్న పట్టకారుతో పీకేసేది, తన పుప్పొడి తనకే తగలకుండా. ఇంకో మొక్క పొడిని మాత్రల సీసాలో దాచి, పిల్లల పెయింటు బ్రష్షుతో పువ్వు మధ్యనున్న కాడ కొసకి అద్దేది. పైన చాక్లెట్ వెండికాగితం టోపీలా తొడిగేది, తేనెటీగలు వేలు పెట్టకుండా. కాడకి చిల్లు పొడిచిన పాత టికెట్ కట్టేది. దాని మీద తల్లి ఎవరు, తండ్రి ఎవరు, ఏ తేదీ. టికెట్ లేని మొలక ఎంత ముద్దుగా ఉన్నా సరే, పీకి పక్కింటివాళ్ళకి ఇచ్చేసేది. మొదటి మూడేళ్ళు ఒక్క కాయ నిలవలేదు. నాలుగో ఏడు కాయలు కాశాయి, లోపలంతా పొట్టే. ఐదో ఏడు మొలకలు లేస్తే నత్తలు తినేశాయి. గోరుచుట్టు మీద రోకలిపోటులా ఆ ఏడే డిపోలో డ్యూటీలు మార్చారు.

ఇక నేను చేసిన ఘనకార్యం చెప్పాలి. చెప్పుకుంటే సిగ్గుచేటే అయినా చెప్పక తప్పదు.

ఐదేళ్ళ కిందట మాట. ఆ ఎండాకాలం నా కోట్లు మూడు వరసగా మరకలయ్యాయి. మా హెడ్ నర్సు నన్ను పేషెంట్ల ముందే నిలబెట్టి, ఇది నర్సు కోటా, పెయింటర్ చొక్కానా అని అడిగింది. నాకు తల కొట్టేసినట్టయింది. మర్నాడు పొద్దున వదిన మొదటి ట్రిప్పుకి వెళ్ళాక, బ్యాగులోంచి కత్తెర తీసి పెరట్లో విచ్చిన పువ్వుల కేసరాలన్నీ ఒక్కటి కూడా వదలకుండా కత్తిరించేశాను. చెత్తంతా తూములో వేసి బకెట్ నీళ్ళు గుమ్మరించాను. ఆపరేషన్ సక్సెస్ అనుకుంటూ డ్యూటీకి పోయాను.

సాయంత్రం వచ్చేసరికి వదిన పెరట్లో ఒక బకెట్ ముందు నిలబడి ఉంది. ఎర్రదానివి కూడా కోశావా అని అడిగింది. అన్నీ కోశాను, ఇవాళ్టితో మీ గొడవా నా గొడవా తీరిపోయింది వదినా అన్నాను. ఆవిడ తిట్టలేదు. బోర్లించిన డబ్బా మీద కూర్చుండిపోయింది, అంతే.

సంగతి మా ఆయన తరవాత చెప్పాడు. ఆ ఎర్ర లిల్లీని గోరంత దుంప నుంచి మూడేళ్ళు పెంచింది. మొట్టమొదటిసారి ఆ ఏడే రెండు పువ్వులు పూసింది. పక్క బకెట్లో తెల్ల లిల్లీ రెండు మూడు రోజుల్లో విచ్చబోతోంది. దీని పొడి దానికి పట్టించాలని మూడేళ్ళ ప్లాను. వాసనంతా తెల్లదానిది, రంగంతా ఎర్రదానిది. ఆ రెండు పువ్వుల కేసరాలూ నా పుణ్యమా అని తూములో కొట్టుకుపోయాయి. ఇక మళ్ళీ ఏడాది ఆగాల్సిందే. అప్పటికి ఆవిడకి యాభై నిండబోతున్నాయి.

రెండు రోజులు ఆవిడ నుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు. పొద్దున లేచి తన టీ తను పెట్టుకుంది, నా టీ కూడా పెట్టి మూత వేసి వెళ్ళింది. ఆ మూత చూస్తే నాకు దుఃఖం ఆగలేదు. నన్ను నాలుగు తిట్టినా బాగుండేది, నేను పది తిట్టేదాన్ని, లెక్క తేలిపోయేది. తప్పు నాదే అయినప్పుడు పోట్లాడటానికి మనిషి దొరకడు చూడండి, అంతకు మించిన శిక్ష లేదు.

మూడో రోజు డ్యూటీ దిగాక కోటు కూడా విప్పకుండా తిన్నగా సెక్రటరీగారింటికి పోయాను. ఆయన తోటలో ద్రాక్షపండు రంగు లిల్లీ ఒకటుందని ఊరంతా చెప్పుకుంటారు. దాని పుప్పొడి చిటికెడు ఇమ్మని అడగాలి. ఆ మనిషి మొహం చూడటమే నాకు ఇష్టం లేదు, అడుక్కోవడం మాట దేవుడెరుగు. అయినా పోయాను.

ఆయన మర్యాదగానే లోపలికి పిలిచారు. సన్నటి ఇటుకల దారికి రెండు పక్కలా లిల్లీలు, నడుమెత్తున. ఆ ద్రాక్షరంగుది దారి మలుపులో ఉంది. నిజం చెప్పొద్దూ, కళ్ళు తిప్పుకోలేకపోయాను. నేను వచ్చిన పని చెప్పగానే ఆయన ఎవరి కోసమని అడిగారు. కండక్టరమ్మ కోసం అన్నాను. ఆయన నవ్వి, అది అందరికీ పంచిపెట్టేది కాదమ్మా అన్నారు. తరవాత ముప్పావుగంట ఆ మొక్క వంశచరిత్ర చెప్పారు. ఆ పొడి ఎవరికిచ్చినా దండగేనట, దాన్ని పట్టించడం సామాన్యుల వల్ల కాదట. నేను లోపల్లోపల కుతకుతలాడుతూ, మీ తోట మీకే చల్లగా ఉండాలి అని చెప్పి విసురుగా వెనక్కి తిరిగి వచ్చేశాను.

ఇంటికొచ్చి కోటు విప్పబోతే కుడి చేతి మీద, మోచేయి నుంచి మణికట్టు దాకా, తుప్పురంగు చార. దారి మలుపులో విసురుగా తిరిగాను కదా, ఆ పువ్వు తన ముద్ర వేసి పంపింది. పుండు మీద కారం చల్లినట్టయింది. ఇచ్చింది లేదు, పుచ్చుకున్నది లేదు, మరక మాత్రం మిగిలిందని ఆయన్ని తిట్టుకుంటూ నీళ్ళ తొట్టి దగ్గరికి పరిగెత్తాను. చెంబు ముంచాను.

"నీళ్ళు తగలనివ్వకు!"

పదహారేళ్ళలో వదిన అంత గట్టిగా అరవడం అదొక్కసారే విన్నాను. చెంబు చేతిలోంచి జారిపోయింది. ఆవిడ వచ్చి నా చెయ్యి పట్టుకుంది. కోటు విప్పనివ్వలేదు. నన్నలాగే వంటింటి బల్ల ముందు కూర్చోబెట్టి, చెయ్యి బల్ల మీద చాపించి, పొడి బ్రష్షుతో ఆ చారని కొంచెం కొంచెంగా ఒక కాగితం మీదికి దులిపింది. ఊపిరి గట్టిగా వదలకు అంది. నేనేమో ఏడుపు ఆపుకోలేక వెక్కిళ్ళు పెడుతున్నాను. మన పెరట్లో ఒక్క కేసరం లేదు, ఇదెక్కడిదని అడిగితే అంతా చెప్పాను.

ఇవ్వనన్నారని చెప్పగానే బ్రష్షు ఆగిపోయింది. వద్దన్న మనిషి పొడి ఎలా వాడటం అని ఆవిడ సందేహం. నాకు మండుకొచ్చింది. రోజూ వెయ్యి తేనెటీగలు ఆయన తోటలోంచి మోసుకుపోతున్నాయి, వాటిని ఎవరైనా దొంగలంటున్నారా అని అడిగాను. మా ఆయన కూడా ఎన్నడూ లేనిది నోరు విప్పి, దొంగిలించి తెచ్చింది కాదక్కా, అంటుకొచ్చింది అన్నాడు. తరవాత తన పద్ధతిలో తను తీర్పు చెప్పుకుంది.

"రద్దీలో ఎక్కేసినవాడికి దిగేలోపు టికెట్ కొట్టొచ్చు. పువ్వు వస్తే, ఎక్కడిదో ఉన్నదున్నట్టు రాస్తాను. ఆ పైన ఏమైతే అదవుతుంది."

తెల్ల లిల్లీ మర్నాడు పొద్దున విచ్చింది. నాకు ఆత్రం ఆగక ఇంకెప్పుడు పెడతారని చంపుకు తిన్నాను. ఆవిడ కదలలేదు. పుస్తకాల్లో విచ్చిన రోజు పొద్దున్నే పెట్టమని ఉందట. ఇన్నేళ్ళూ చూశాను, ఆ రోజు పెడితే పట్టదు, కాడ కొస తడి ఊరాలి అంది. రెండో రోజు మధ్యాహ్నం డ్యూటీ దిగి వచ్చి చూస్తే కొసన తేనెచుక్కలా మెరుస్తోంది. అప్పుడు అద్దింది. మర్నాడు మళ్ళీ, ఆ మర్నాడు మళ్ళీ. మూడు రోజులు, మూడు సార్లు. టోపీ తొడిగి టికెట్ కట్టింది. తండ్రి అన్న చోట ఏం రాసిందో నాకు చూపించలేదు.

ఒక్కటంటే ఒక్క కాయ పట్టింది. అది బొటనవేలంత అయ్యేదాకా నేను డ్యూటీకి వెళ్ళేముందొకసారి, వచ్చాకొకసారి చూసి వచ్చేదాన్ని. నా బట్టల తీగ నేనే ఊడదీసి డాబా మీద కట్టుకున్నాను. తడిబట్టల బకెట్‌తో మెట్లెక్కుతుంటే మోకాళ్ళు కలుక్కుమనేవి. చేసుకున్నవాళ్ళకి చేసుకున్నంత అనుకునేదాన్ని. చలి మొదలయ్యేనాటికి కాయ ఎండి కొసన పగిలింది. లోపల కాగితం రేకుల్లా పొరలు పొరలుగా గింజలు. వదిన ఒక్కో రేకునీ పట్టకారుతో పట్టుకుని కిటికీ వెలుతురుకి ఎదురుగా పెట్టి చూసింది. మధ్యలో సన్నటి గీత కనబడితే ప్రాణమున్న గింజ, లేకపోతే పొట్టు. వందకు పైగా రేకుల్లో గీత ఉన్నవి పదకొండు. ఆ పదకొండూ ఏరి సాసర్లో పెట్టి, ముగ్గురం దాని చుట్టూ కూర్చుని టీ తాగాం. పదకొండే అని మా ఆయన నసిగితే, పదకొండు అని వదిన సరిదిద్దింది.

మొలిచినవి ఏడు. మొదటి ఏడాదంతా గడ్డిపోచ లాంటి ఒక్క ఆకు, దానికే ఈ మనిషి గొడుగు పట్టేది. రెండో ఏడు నాలుగాకులు. మూడో ఏడు నాలుగు కుళ్ళిపోయాయి. నాలుగో ఏడు రెండింటికి మొగ్గలొచ్చాయి. ఎన్నాళ్ళో వేచి చూస్తే ఆ రెండూ మాసిన గులాబీరంగులో పూశాయి, కాడ నిలవక వాలిపోయాయి. నాకు నీరసం వచ్చింది. వదిన మాత్రం రెండింటికీ టికెట్లు విప్పి, ఇవి మన స్టాపులో దిగేవి కావు అని చెప్పి పక్కింటావిడకి ఇచ్చేసింది.

ఈ ఏడు మూడోది ఎత్తింది. బొటనవేలు లావు కాడ, తొమ్మిది మొగ్గలు. ప్రదర్శనకి నాలుగు రోజులుందనగా మొదటి మొగ్గ విచ్చింది. ఆ పొద్దున వదిన పెరట్లోంచి నన్ను పిలిచిన పిలుపుకి పొయ్యి మీద పాలు పొంగిపోయాయి. బయట రేకులు తెల్లగా, గొంతులో ద్రాక్షరంగు. ఆ రంగు లోపలి నుంచి పైకి పాకుతూ వచ్చి సగం రేకు దగ్గర ఆగిపోయింది. అంచుకి తెలుపు అలాగే ఉంది. వాసన వంటింట్లోకి వచ్చేసింది. నేను వదిన భుజం పట్టుకున్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. మా ఆయన పళ్ళు తోముకుంటూ వచ్చి, నోట్లో బ్రష్షుతోనే నిలబడిపోయాడు.

ఎండలు మండుతున్నాయి. నాలుగు రోజులు పువ్వు నిలవాలి. ఇంట్లో చల్లటి చోటు స్నానాలగది ఒక్కటే. ఇంకేముంది, స్నానాలగది లిల్లీగారికి కేటాయించాం. నేను ఆసుపత్రిలో, వదిన డిపోలో, మా ఆయన ఏదో ఆఫీసు లిఫ్టు పక్క పంపు దగ్గర స్నానాలు చేశాం. లోపలికి వెళ్ళాలంటే తలుపు చప్పుడు కాకుండా తీయాలి. కొత్త అల్లుడికి కూడా అంత మర్యాద జరగదు.

ప్రదర్శన రోజు వదిన ఖాకీ చొక్కాతో, నైట్ డ్యూటీ దిగిన నేను తెల్ల కోటుతో, కుండీ పట్టుకుని పద్నాలుగో నంబరు ఎక్కాం. వదిన కుండీకి కూడా టికెట్ కొట్టమంది. ఆ కండక్టరు కుర్రవాడు సిగ్గుపడి, మీకు టికెట్టేమిటి మేడం అన్నాడు. ఆవిడ చూసిన చూపుకి గబగబా కొట్టిచ్చాడు.

లైబ్రరీ హాల్లో ఫారం ఇచ్చారు. తల్లి మొక్క, తండ్రి మొక్క, పుప్పొడి ఎక్కడిది, వేరేవాళ్ళదైతే అనుమతి ఉందా, చేసినవారు. తండ్రి తెలియదు అని రాసినా తీసుకుంటారు. ముందు రాసిన ఇద్దరు అలాగే రాశారు, నేను కళ్ళారా చూశాను. వదిన చెవిలో, తెలియదని రాసేయండి, మీ కాళ్ళకి దండం పెడతాను, పదమూడేళ్ళ కష్టం అన్నాను. ఉన్నమాట రాస్తే సెక్రటరీగారు ఒక్క గీత గీసి కుండీని మళ్ళీ రెండు వేళ్ళతో పట్టుకుపోతారు.

వదిన జేబులోంచి పెన్ను తీసింది. అనుమతి అన్న గడిలో ఇలా రాసింది: 'లేదు. అడిగితే సెక్రటరీగారు ఇవ్వనన్నారు. మా మరదలు కోటుకి అంటుకొచ్చింది.' కింద 'చేసినవారు' ఎదురుగా తన పేరు పూర్తిగా రాసింది. ఉద్యోగం అన్న గడిలో బస్సు కండక్టరు అని రాసి, కుండీని తనే తీసుకెళ్ళి కొత్త హైబ్రిడ్ల బల్ల మధ్యలో పెట్టింది.

జడ్జిగారు పొరుగూరి నుంచి వచ్చిన పెద్దావిడ, చేతికర్ర మీద నడుస్తున్నారు. బల్ల చుట్టూ ఒకసారి తిరిగి మా కుండీ దగ్గర ఆగారు. ముక్కు పువ్వులో పెట్టారు. ఫారం తీసి చదివారు. చదివి, ఇంకోసారి చదివి, నవ్వేసి సెక్రటరీగారిని పిలిచారు. దీని తండ్రి మీ లిల్లీయేనట, మీకు అభ్యంతరమా అని అడిగారు. నేను గొడవకి సిద్ధపడి కోటు చేతులు పైకి మడిచాను.

సెక్రటరీగారు ఫారం చదివారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని పువ్వు దగ్గరికి వంగారు. గొంతులోని ఆ రంగు చూశారు. దాన్ని ఆయన గుర్తుపట్టకుండా ఎలా ఉంటారు? ఎంతసేపు వంగి ఉన్నారో తెలియదు. లేచేసరికి ఆయన మొహంలో ఎప్పుడూ ఉండే ఆ మాస్టారి కళ లేదు.

"ఎన్ని కాయలు పట్టాయమ్మా?"

ఒక్కటే అంది వదిన. గింజలు పదకొండు, మొలిచినవి ఏడు, ఇందులో నిలిచింది ఇదొక్కటే అని చెప్పింది. ఆయన తల ఊపారు.

"నేను పన్నెండేళ్ళు చేశాను. ఒక్క కాయ కూడా పట్టలేదు. దానికి సంతానయోగం లేదనుకున్నాను." మళ్ళీ పువ్వు వంక చూసి, "ఎలా పట్టించారు?" అన్నారు.

హాలంతా వింటోంది. వదిన బస్సులో స్టాపులు చెప్పే గొంతుతో చెప్పింది. విచ్చిన రోజు వద్దని, రెండో రోజు మధ్యాహ్నం కాడ కొస తడి ఊరాక పెట్టాలని, ఒకసారి కాదు మూడు రోజులు వరసగా పెట్టాలని. ఆయన జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకోవడం మొదలుపెట్టారు. పుస్తకాల్లో పొద్దున్నే పెట్టమని ఉంది కదా అని ఒక్కసారి మాత్రం గొణిగారు. పుస్తకం రాసినాయన పెరడు వేరేమో సార్, మన పువ్వు ఎప్పుడంటే అప్పుడే మరి అంది వదిన. అంతవరకు నవ్వు ఆపుకున్నవాళ్ళంతా నవ్వారు. ఈసారి ఆయన కూడా నవ్వారు. అభ్యంతరం లేదని ఫారం మీద రాసి సంతకం పెట్టి జడ్జిగారి చేతికిచ్చారు. మా కుండీ ముందు మొదటి బహుమతి అట్ట పడింది.

ఆ తరవాత మా వదిన పొద్దున పదింటి నుంచి సాయంత్రం ఐదింటి దాకా ఆ బల్ల దగ్గర నిలబడే ఉంది. కుర్చీ తెచ్చిస్తే కూర్చోలేదు, ఇరవై ఏడేళ్ళు నిలబడ్డ కాళ్ళు, నొప్పి పుట్టవులే అంది. వచ్చినవాళ్ళకి వచ్చినట్టు చెబుతూనే ఉంది. మధ్యాహ్నం పత్రికవాళ్ళొచ్చారు. ఫొటోలు తీసే ఆయన పువ్వునీ, పక్కనే కోటు, కళ్ళజోడుతో ఉన్న సెక్రటరీగారినీ చూసి, ఖాకీ చొక్కాలో ఉన్న మా వదినని కొంచెం పక్కకి జరగమన్నాడు. సెక్రటరీగారితో, సార్, మీరు చేసిన పువ్వు చాలా బాగుంది, దాని పక్కన నిలబడండి అన్నాడు.

వదిన జరగలేదు. నేను అడుగు ముందుకేశాను. ఈలోగా సెక్రటరీగారే ఒక్క అడుగు వెనక్కి వేసి బల్ల ముందు చోటు వదిలారు.

"నేను కాదు బాబూ, చేసింది ఆవిడ" అన్నారు.

ఫొటోగ్రాఫరు వదిన వైపు తిరిగి, అనుమానంగా ఖాకీ చొక్కా చూసి, మీరేనా అమ్మా అన్నాడు.

"నేనే చేశాను" అంది మా వదిన.

నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు, ఎందుకు దాచుకోవాలి? తెల్ల కోటు చేతితోనే కళ్ళు తుడుచుకుంటూ నిలబడ్డాను. ఆవిడ చొక్కా కాలరు సరిచేసుకుని, ఫొటో తీసేదాకా కెమెరా వంక తిన్నగా చూస్తూ ఉంది.